మళ్లీ స్టీరింగేనా?

మా ఇంట్లో ఒకడు లారీ డ్రైవరు కావాలా వద్దా అని మేం మూడు నెలలు మాట్లాడుకున్నాం. వినేవాళ్లకి నవ్వొస్తుంది. సాయిబుల ఇంట్లో డ్రైవరు కావడానికి అంత ఆలోచనెందుకు అంటారు. నిజమే. తిరుపతిలో మేముండే వీధిలో ఇంటికొక స్టీరింగుంది. ఆటోదో, జీపుదో, లారీదో. స్టీరింగు లేని ఇంట్లో పానాలుంటాయి. పానాలు కూడా లేకపోతే పంక్చరు షాపు, గాలిమిషను. పెళ్లి సంబంధాలకొచ్చినవాళ్లు "పిల్లోడేం చేస్తాడు?" అని అడగరు, "ఏం బండి తోల్తాడు?" అని అడుగుతారు. ఆ వీధిలో మా ఇల్లొక్కటే ఈ లెక్కలో లేదు. ఊరికే లేకుండా పోలేదు. మమ్మల్ని ఈ లెక్కలోంచి బయటేయడానికి మా అబ్బ ఇరవయ్యేడేళ్లు లారీ తోలినాడు.

అందుకే మూడు నెలలు పట్టింది.

మేం అని రాస్తున్నాం. జీతం తెచ్చేది ఒకడైనా మా ఇళ్లల్లో నిర్ణయం ఒకడిది కాదు. అమ్మ, ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు కోడళ్లు, నలుగురు పిల్లలు. లారీ ఎక్కేది మాలో ఎవడన్నది చెప్పడం లేదు. ఒకడు ఎక్కితే అందరం ఎక్కినట్టే. వాడికి ముప్పయ్యారేళ్లు. ఎం.ఏ. తెలుగు, బి.ఎడ్. పదమూడేళ్లుగా ప్రైవేటు స్కూల్లో తెలుగు సారు. ఇక్కడ మావాడు అంటాం.

మా దాదా జట్కా తోలినాడు. రైల్వే స్టేషనుకాడ యాత్రికుల్ని ఎక్కించుకుని అలిపిరికాడ దించేవాడు. అప్పట్లో కొండెక్కాలంటే నడవాలి, లేదంటే డోలీ. 1944లో మొదటి ఘాటు రోడ్డు పడింది. కొండమీదికి మోటారు పోయింది. బస్సు ఊళ్లోనే మనుషుల్ని ఎక్కించుకుంటే అలిపిరిదాకా జట్కా ఎవరిక్కావాలి? మెల్లమెల్లగా బేరాలు తగ్గినాయి. గుర్రానికి ఉలవలు పెడితే ఇంట్లోవాళ్లకి లేదు, ఇంట్లోవాళ్లకి పెడితే గుర్రానికి లేదు. ఆఖరికి గుర్రం పోయింది, బండి విరిగింది. 1974లో రెండో ఘాటు రోడ్డు వచ్చేటప్పటికి ఎక్కడానికొక దారి, దిగడానికొక దారి అయినాయి. దిగే దారిలో 36 మలుపులు. దాదా ఆ మలుపులు ఒక్కసారి కూడా చూడలేదని అమ్మ చెప్తుంది.

అబ్బ పన్నెండేళ్లకే లారీలో క్లీనరుగా చేరినాడు. చిత్తూరు బెల్లం, పలమనేరు కూరగాయలు, బేతంచెర్ల నాపరాళ్లు. తోలిన ఊళ్ల పేర్లన్నీ లోడ్ల పేర్లతోనే చెప్పేవాడు. బండి ముందద్దం మీద ఓనరు పెట్టించిన వెంకన్న బొమ్మ. తెల్లారి బండి తీసేముందు దానికి ఊదుబత్తి వెలిగించేది అబ్బే. స్టీరింగు పక్కన, ఎవరికీ కనపడని చోట, చిన్న అక్షరాల్తో 786. ఆయుధపూజనాడు బండి కడిగి పసుపు కుంకుమ పెట్టేదీ, గుమ్మడికాయ కొట్టేదీ, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేదీ అబ్బే. అదేదో గొప్ప సామరస్యమని మేం చెప్పుకోవడం లేదు. అది ఆయన పని. దాంట్లో ఆయనకు కష్టమూ కనపడలేదు, గొప్పా కనపడలేదు.

మాకు కష్టంగా ఉన్నది వేరే సంగతి. ఇరవయ్యేడేళ్లూ లారీ ఆఫీసుల్లో ఆయన్ని 'బాషా' అని పిలిచినారు. మా అబ్బ పేరు బాషా కాదు. దాంట్లో బాషా అన్న ముక్కే లేదు. మొదటి ఓనరుకు అసలు పేరు నోరు తిరగలేదంట. సాయిబు గనక బాషా అన్నాడు. ట్రిప్పు పుస్తకంలో డ్రైవరు అన్న గడిలో అదే రాసినారు. తర్వాత ఓనర్లు మారినా పేరు మారలేదు. "పిలిస్తే పలికినా, అంతే కదా" అనేవాడు అబ్బ. 1999లో నడుము పడిపోయి బండి దిగినాడు. 2011లో పోయినాడు. మయ్యత్‌కు వచ్చిన పాత డ్రైవర్లు "బాషన్న ఇల్లెక్కడ?" అని అడుగుతుంటే మా వీధివాళ్లు "ఆ పేరుగలాయన ఇక్కడెవరూ లేరే" అన్నారు.

చిన్నప్పుడు ఇంటి ముందర లారీ ఆపితే మేం పోయి సీట్లో కూర్చుని హారను కొట్టేవాళ్లం. మమ్మల్ని ఎన్నడూ కొట్టని అబ్బ దానికి మాత్రం కొట్టినాడు. "ఈ చక్రం పట్టుకోవాల్సిన పని మీకు రాకూడదు" అన్నాడు. మమ్మల్ని తెలుగు మీడియంలో వేసినాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. తెలుగే మావాడికి కూడు పెడుతుందని అప్పుడెవరికి తెలుసు?

కూడు పెట్టింది గానీ, అడిగి పెట్టింది. స్కూల్లో చేరిన మొదటి ఏడు ఒక తండ్రి వచ్చి "తెలుగు సారు తురకాయనా?" అని అడిగిపోయినాడు. తిట్టలేదు, ఊరికే అడిగినాడు. పద్యం రాగంగా చదివితే "మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!" అని మెచ్చుకున్నారు. పుట్టిన ఊళ్లో, పుట్టినప్పటినుంచీ మాట్లాడే భాషకు మెప్పు దొరకడం మాలాంటివాళ్లకే దక్కే అదృష్టం. పదమూడేళ్లలో మావాడి జీతం నాలుగు వేలనుంచి పదకొండు వేలయింది.

2020 మార్చిలో స్కూళ్లు మూసినారు. రెండు నెలలు సగం జీతం, తర్వాత అదీ లేదు. మావాడు తోపుడు బండి మీద కూరగాయలమ్మినాడు. ఢిల్లీ మర్కజ్ మాట ఊరూరా తిరుగుతున్న రోజులవి. వంకాయలు బేరం చేస్తూ పేరడిగినవాళ్లున్నారు. పేరు విని వంకాయలు మళ్లీ బండిలో పెట్టేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒకామె కొడుకు మావాడి దగ్గర పదో తరగతి తెలుగులో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. మళ్లీ స్కూలు తెరిచినాక రెండు సెక్షన్లు కలిపి ఒకటి చేసినారు. పని రెట్టింపయింది, జీతం అంతే.

సర్కారు ఉద్యోగం ఎందుకు రాలేదని అడుగుతారు. 2018 డీఎస్సీ రాసినాడు, రాలేదు. తర్వాత ఆరేళ్లు ఎదురుచూపు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన ఇచ్చినారు. ఆ ఏడాదే సర్కారు మారి అది రద్దయింది. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వచ్చింది. స్కూలుకు సెలవు పెట్టి చదివినాడు. మాకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషనుంది. 2007లో ఇచ్చినారు, 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఆ నాలుగు శాతం గుమ్మంలో ఎంతమంది నిలబడి ఉన్నారో పరీక్ష రాసినవాడికే తెలుస్తుంది. లిస్టులో మావాడి పేరు రాలేదు.

ఇంక మా ఊళ్లో పెద్ద ఉద్యోగాలిచ్చేది కొండ. గుడే కాదు, బడులూ కాలేజీలూ ఆస్పత్రులూ దేవస్థానానివి ఉన్నాయి. అందులో ఉద్యోగాలు హిందువులకే. నిబంధన పాతదే. 2024 నవంబరులో, మిగిలి ఉన్న హిందూయేతర ఉద్యోగుల్ని కూడా స్వచ్ఛంద పదవీ విరమణకో ప్రభుత్వంలో వేరే శాఖలకో పంపాలని పాలకమండలి తీర్మానం చేసింది. 2025 ఫిబ్రవరిలో 18 మంది మీద చర్య తీసుకున్నారు. దేవుడి పనికి ఆ దేవుణ్ని నమ్మినవాళ్లే ఉండాలంటే మేం తగాదా పడం. మా మసీదులో పేష్ ఇమాముగా వేరే మతం మనిషిని పెట్టుకోం కదా. అయితే పేష్ ఇమాము పని వేరు, వ్యాకరణం చెప్పే పని వేరు. ఊరి బతుకంతా ఒక గుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు, ఆ చుట్టులో నిలబడే చోటు లేనివాడు ఎక్కడ నిలబడాలి? రోడ్డుమీదే.

రోడ్డుమీద నిలబడినవాళ్లు మాలో చాలామందే ఉన్నారు. మా మామూ ఆర్టీసీలో కొండ బస్సు తోలి రిటైరయినాడు. రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగినాడో, ఎన్ని వేలమందిని గోవింద నామాల మధ్య పైకి చేర్చినాడో లెక్కలేదు. దర్శనానికి మాత్రం ఎప్పుడూ పోలేదు. వేరే మతంవాళ్లు దర్శనానికి పోవాలంటే స్వామి మీద నమ్మకముందని డిక్లరేషను మీద సంతకం పెట్టాలి. "బస్సు తోలడానికి సంతకం అడగలేదు, నేనూ పెట్టలేదు" అని నవ్వుతాడు. 2019 ఆగస్టులో కొండ బస్సు టికెట్ల వెనకవైపు హజ్, జెరూసలేం యాత్రల సర్కారు ప్రకటన కనపడి రాష్ట్రమంతా గొడవయింది. అప్పుడు మామూ అన్నమాట మాకు గుర్తుంది. "టికెట్టు వెనకేముందో చూసినారు. స్టీరింగు వెనక ఎవరున్నారో ఎవరూ చూడలా. మంచిదయింది."

ఎవరూ చూడకపోవడమే మంచిదయిందని సంతోషపడే బతుకు మాది. మా వాళ్లింతమంది డ్రైవర్లు కావడానికి అది కూడా ఒక కారణమేమో. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టులో ముస్లింలు ఎక్కువగా ఉండే పనులు రాసినారు. వీధి వ్యాపారం, రవాణా, మోటారు రిపేర్లు. మా వీధికొచ్చి రాసినట్టే ఉంటుంది. బరువు బండ్ల లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధనను 2019లో తీసేసినారు. హర్యానా ప్రభుత్వం మేవాత్ కోసం అడగబట్టి ఆ మాట మొదలయింది. అక్కడి పేదలకు డ్రైవింగే బతుకుదెరువని చెప్పింది. మేవాత్ అంటే ముస్లింలు ఎక్కువగా ఉండే చోటు. బడి పెట్టి ఎనిమిదో తరగతిదాకా చదివించడం కంటే ఎనిమిదో తరగతిని తీసేయడం సులువు. మావాడు ఎం.ఏ., బి.ఎడ్. అయి ఆ లైసెన్సుకు పోతానన్నప్పుడు మాకు ఇదే గుర్తొచ్చింది.

మొదట కారు అనుకున్నాం. తిరుపతిలో టాక్సీకి కరువు లేదు. బెంగుళూరు, చెన్నై, కాణిపాకం, కాళహస్తి. కానీ 2022 ఏప్రిల్‌లో కర్ణాటకలో ఒక సంస్థ, తీర్థయాత్రలకు ముస్లిం డ్రైవర్ల బండ్లు మాట్లాడుకోవద్దని పిలుపిచ్చింది. మా ఊరికి కర్ణాటక యాత్రికులు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. పిలుపు ఎంతమంది విన్నారన్నది తర్వాతి సంగతి. అప్పు తెచ్చి కారు కొని, ఎక్కేవాడు ముందు పేరడుగుతాడేమో అని స్టాండులో కూర్చోవడం మావల్ల కాదనుకున్నాం. లారీ అయితే ఎక్కేది మనుషులు కాదు, సరుకు. లోడుకు మతం లేదు కదా అన్నాడు మావాడు.

అబ్బ దగ్గర క్లీనరుగా ఉండిన ఒకాయన ఇప్పుడు చిత్తూర్లో రెండు లారీల ఓనరు. ఒకటి తనే తోలుకుంటాడు. యాదవులాయన. మాకు అన్న. "తమ్ముడూ, నెలకు పద్దెనిమిది వేలు, బత్తా వేరే. ముందు పది రోజులు క్లీనరుగా నా పక్కన కూర్చో. తట్టుకుంటే అప్పుడు లైసెన్సు చూద్దాం" అన్నాడు. మావాడికి కారు లైసెన్సు 2021లోనే ఉంది. దసరా సెలవుల్లో ఆ పది రోజులూ పోయొచ్చినాడు.

వచ్చినాక రెండు రాత్రులు చెప్పినాడు. చిత్తూరు ఫ్యాక్టరీలో మామిడి గుజ్జు పీపాలు ఎత్తుకుని చెన్నై పోవడం, హార్బరు బయట వరసలో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చోవడం. నిద్ర సీటులోనే. నీళ్లు బాటిల్లోవే. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నుంచి 2025 దాకా ఉండింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించకూడదన్నది. మావాడు ఆ మాట అన్నతో అంటే "ఆ చట్టానికి టమోటా సంగతి తెలీదు తమ్ముడూ" అన్నాడంట. మదనపల్లెలో సాయంత్రం ఎక్కిన టమోటా తెల్లారేసరికి మార్కెట్లో దిగాలి. 2023 జులైలో అక్కడ కిలో రెండొందల దాకా పోయింది. ఇంకో సీజన్లో రోడ్డు పక్కన పారబోస్తారు. రెండొందలైనా రెండు రూపాయలైనా లారీ బాడుగ పెద్దగా మారదు, నిద్ర అసలే మారదు. కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిను ఉండాలని నిబంధన వచ్చింది. అన్న బండి 2012ది.

మొగిలి ఘాటులో దిగేటప్పుడు అన్న మాట్లాడడంట. రేడియో కూడా ఆపేస్తాడంట. 2024 సెప్టెంబరులో అక్కడే బస్సూ లారీలూ గుద్దుకుని మనుషులు పోయినారు. లోడు వెనకనుంచి తోస్తా ఉంటే బ్రేకును నమ్ముకోకుండా గేరులోనే బండిని పట్టుకోవాలి. "పిల్లలకు సంధి చెప్పేటప్పుడు కూడా నేనింత శ్రద్ధగా లేను" అన్నాడు మావాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో కష్టం లేదు. అది మేం గమనించినాం. చాలా ఏళ్ల తర్వాత వాడికి ఒక పని కొత్తగా నచ్చింది.

మూడో రాత్రి అసలు సంగతి చెప్పినాడు.

2017 జులైలో జీఎస్టీ వచ్చి అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయినాయని లారీవాళ్లంతా సంతోషపడినారు. అబ్బ ఉండుంటే ఎంత సంతోషపడేవాడో అనుకున్నాం మేం కూడా. ఇప్పుడు వేరే చెక్‌పోస్టులుంటాయని మావాడు చూసొచ్చినాడు. ఎనిమిదో రోజు రాత్రి ఒక ఊరి బయట నలుగురు కుర్రాళ్లు బండి ఆపినారు. పోలీసులు కారు. చేతిలో టార్చిలైటు, మెడలో కండువా. అన్నను పేరడిగినారు. చెప్పినాడు. సరే అన్నారు. లైటు మావాడి మీదికి తిప్పినారు. "నీ పేరేందిరా?" చెప్పినాడు. ఆ ఒక్క మాటతో అంతా మారిపోయింది. "లోపలేముంది? ఎద్దులా?" టమోటాలన్నాడు అన్న. బిల్లు చూపించినాడు. చూడలేదు. టార్పాలు విప్పమన్నారు. ఇద్దరూ ఎక్కి తాళ్లు విప్పినారు. లైటు వేసి చూస్తే టమోటా ట్రేలు. ఒకడు రెండు ట్రేలు పక్కకు లాగి ఇంకా లోపలికి చూసినాడు. "టమోటాలే" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలాగా. పొమ్మన్నారు.

కొట్టలేదు. ఒక్క కాయ తీసుకోలేదు. ఎవరికైనా చెప్తే దీంట్లో ఏముందంటారు. 2023 ఏప్రిల్ 1న బెంగుళూరు పక్కన రామనగర జిల్లాలో, పశువుల బండిలో పోతుండిన మండ్య మనిషి, మా మతంవాడు, రోడ్డు పక్కన శవమై దొరికినాడు. దాని ముందర ఇదెంత? మేమూ అట్లనే మాకు మేం చెప్పుకున్నాం. కానీ బండి ఒకటే, లోడు ఒకటే, బిల్లు ఒకటే. ఒక పేరుకు సరే అన్న లైటు ఇంకో పేరు దగ్గర ఆగిపోయింది. లోడుకు మతం లేదన్నమాట నిజమే. టార్పాలు కట్టినాక లోడు కనపడదు, పేరే కనపడుతుంది.

అన్న ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదంట. తెల్లారి టీకొట్టుకాడ "తమ్ముడూ, తప్పుగా అనుకోవద్దు. ఇంకోసారి ఎవరైనా అడిగితే రాజు అని చెప్పు. బండి నాది, నేను చూసుకుంటా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అబ్బ చేతికింద పెరిగినవాడు, మా ఇంట్లో తిన్నవాడు. ఆయన ముఖం మాకంటే చిన్నబోయి ఉందని మావాడే చెప్పినాడు.

ఇదంతా విన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

మర్నాటినుంచి మాటలు మళ్లీ మొదలయినాయి. వద్దన్నవాళ్ల దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 14న మదనపల్లెనుంచి అజ్మీరు దర్గాకు బయల్దేరినవాళ్ల బండి కర్నూలు జిల్లా మాదాపురం దగ్గర డివైడరు దాటిపోయి లారీని గుద్దుకుంది. 14 మంది పోయినారు. అప్పుడు అందరం పోయినవాళ్ల కోసం ఏడ్చినాం. అమ్మ ఒక్కతే "ఆ లారీ తోలే బిడ్డ ఏమయినాడో" అన్నది. ఆ మాట ఇప్పుడు మళ్లీ అన్నది. 2024 జనవరిలో లారీవాళ్లు దేశమంతా బండ్లు ఆపినారు. యాక్సిడెంటు చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్లదాకా జైలని కొత్త చట్టంలో రాసినందుకు. జులై 1న ఆ చట్టం వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపనిబంధనను ఆపి ఉంచినారు. అక్కడే ఆగితే జనం కొడతారని డ్రైవర్లందరికీ భయం. మావాడి పేరు విన్నాక ఆ దెబ్బలు తగ్గవు కదా అన్నది పెద్ద కోడలు. ఇంకోటి ఎర్రచందనం. మా శేషాచలం కొండల్లో 2015 ఏప్రిల్ 7న 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో పోయినారు. కొట్టేది కూలీలు, మోసేది కూలీలు, రోడ్డు దాటించేది డ్రైవర్లు. ఒక్క ట్రిప్పుకు ఏడాది జీతం ఇస్తామనేవాడు లారీ ఎక్కిన ప్రతివాడికీ ఏదో ఒకనాడు ఎదురవుతాడు.

వెళ్లమన్నవాళ్ల దగ్గర ఒకటే కారణం. పద్దెనిమిది వేలు. పిల్లల ఫీజులు ఎనిమిది నెలలుగా బాకీ.

మావాడు మాత్రం రెండు వైపులా మాట్లాడలేదు. చివరికి ఒకరోజు అన్నాడు. "అబ్బ మనల్ని స్టీరింగుకు దూరం పెట్టింది ఆ పని తక్కువదని కాదు. ఆ పనిలో ఆయన్ని మనిషిగా చూడలేదు గనక. బడిలో నన్ను చూసినారా? అక్కడా తురక సారే కదా. లారీ ఎక్కడానికి నాకు సిగ్గు లేదు. రాజు అని చెప్పడానికే సిగ్గు. నేను బాషాను కాను, రాజునూ కాను. నా పేరుతో తోలనిస్తే తోల్తా. లేదంటే పదకొండు వేలకే సంధులు చెప్పుకుంటా."

దానికి జవాబు చెప్పాల్సింది అమ్మ. అబ్బ ఇంట్లో లేని ఇరవయ్యేడేళ్ల రాత్రులు లెక్కపెట్టింది ఆమె ఒక్కతే. చాలాసేపు తస్బీ తిప్పుతా కూర్చుంది. "హలాల్ రోజీ ఎక్కడున్నా మంచిదే. పశువుల లోడు వద్దు. చందనం మాటెత్తినోడి నీడ వద్దు. వరసగా రెండు రాత్రులు తోలొద్దు. పేరు అడిగితే నీ పేరే చెప్పు. మీ అబ్బ పేరు కూడా చెప్పు, అసలు పేరు" అన్నది.

భయం పోయి అన్న మాట కాదది. ఇప్పటికీ రాత్రి పదకొండు తర్వాత ఫోను మోగితే మేమందరం ఒకేసారి లేస్తాం. ఏ రాత్రి ఏ లైటు మా బండిమీద పడుతుందో అనుకోకుండా ఒక్క రోజూ పడుకోం. ఒక మనిషి తన పేరు తనకుంచుకుని టమోటాలు తోలాలంటే అతని తల్లి ఇంత ఆలోచించాలా అని మాత్రం ఈ దేశాన్ని అడగాలనిపిస్తుంది. రాజు అని చెప్పమన్న అన్నలాంటివాళ్లు మాకు చాలామంది ఉన్నారు. వాళ్ల ప్రేమను మేం శంకించం. కానీ మమ్మల్ని దాచిపెట్టి కాపాడే ప్రేమ వద్దు. లైటు మా ముఖం మీదికి తిరిగినప్పుడు "వాడి పేరు అదే, అయితే ఏంది?" అని పక్క సీట్లోంచి ఒక్క మాట కావాలి.

ఆ మాటే అన్నకు చెప్పినాం. ఆయన తల వంచుకుని విన్నాడు. "అట్లే" అన్నాడు.

మావాడు స్కూల్లో రాజీనామా ఇచ్చినాడు. చివరిరోజు తొమ్మిదో తరగతి పిల్లలు పెన్ను ఇచ్చినారు. డ్రైవింగు స్కూల్లో చేరి హెవీ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. దరఖాస్తులో చదువు అన్న చోట ఎం.ఏ., బి.ఎడ్. అని రాసినాడు. ఎవరూ అడక్కపోయినా రాసినాడు.

మొదటి ట్రిప్పునాడు మేం కూడా చిత్తూరు పోయినాం, అమ్మతో సహా. అన్న ఆఫీసు అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడమీద వెంకన్న క్యాలెండరు, పొడుగాటి ట్రిప్పు పుస్తకం. గుమాస్తా పుస్తకం తెరిచి తేదీ, బండి నెంబరు, లోడు, చేరే ఊరు రాసుకున్నాడు. డ్రైవరు గడి దగ్గరికొచ్చి "బాషా కొడుకే గదా, ఏం రాసుకోమంటావు?" అని తలెత్తినాడు.

మావాడు పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. పిల్లలిచ్చిన పెన్ను తీసి ఇంటిపేరుతో సహా తన పేరు, పక్కన వల్ద్ అని రాసి అబ్బ అసలు పేరు, పూర్తిగా రాసినాడు. గడి చాలక పక్క గడిలోకి పోయింది. గుమాస్తా చూసి "అక్షరాలు బాగున్నాయే" అన్నాడు.

"తెలుగు సారు గదా" అన్నాడు అన్న.